ఆంధ్రా ప్యారిస్ కుర్రాళ్లకి అసలు ప్యారిస్ ఓపెనింగ్: పెంటల హరికృష్ణ ఆట

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడతాను, ఎందుకంటే మొత్తం టాపిక్ అక్కడి నుంచే వచ్చింది.

మాది తెనాలి. నా బీటెక్ ఫ్రెండ్ ఒకడిది రేపల్లె. ఉద్యోగాల్లో పడ్డాక కలవడం తగ్గింది కానీ ఫోన్‌లో చెస్ మాత్రం ఆగలేదు. పది నిమిషాల గేమ్, పందెం టీ. నేను తెల్లపావులతో ఈ4 ఆడతా, వాడు ఈ6 ఆడతాడు. బంటుని రెండు గడులు ముందుకి తోసే ధైర్యం కూడా లేదా వీడికి అనుకునేవాణ్ణి. బోర్డు సగం నాదే ఉంటుంది. వాడి పావులన్నీ బాపట్ల స్టేషన్‌లో సంక్రాంతి రద్దీలాగా ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉంటాయి. ముప్పై ఎత్తులు అయ్యేసరికి చూస్తే నా మధ్య బంటు పోయి ఉంటుంది, నా రాజు ఒంటరిగా ఉంటాడు. వరసగా ఏడు గేములు ఓడిపోయాక అడిగాను.

"ఏం ఆడుతున్నావ్ రా అసలు?"

"ఫ్రెంచ్ రా మావా. హరికృష్ణ గారి కోర్సు చూసి నేర్చుకున్నా. మన గుంటూరాయనే."

అదీ సంగతి. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని చిన్నప్పటి నుంచి గొప్పలు చెప్పుకునే నాకు, అసలు ప్యారిస్ వాళ్ళ వల్ల పేరొచ్చిన ఓపెనింగ్ గురించి ముక్క తెలీదు. అది నేర్పింది పక్క ఊరి మనిషని అంతకన్నా తెలీదు. ఆ రాత్రి మొదలుపెట్టి రెండు వారాలు చదివాను. ఇప్పుడు మీకు చెప్తున్నా.

ముందు ఆ పేరు ఎలా వచ్చిందో చూద్దాం, ఎందుకంటే మనలాంటి ఆన్‌లైన్ ప్లేయర్లకి అది భలే దగ్గరగా ఉండే కథ. 1834 నుంచి 1836 దాకా లండన్ క్లబ్బుకీ ప్యారిస్ క్లబ్బుకీ ఒక మ్యాచ్ జరిగింది. ఎవరూ ఎవరి ఎదురుగా కూర్చోలేదు. ఎత్తు ఉత్తరంలో రాసి పోస్టులో పంపడం, అవతలివాళ్ళ ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూడటం. రెండు గేములు పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది. మనం మూడు నిమిషాల బ్లిట్జ్‌లో అవతలివాడు పది సెకన్లు ఆలోచిస్తే "ఏంటీ, నిద్రపోయాడా" అనుకుంటాం! లండన్ వాళ్ళు ఈ4 ఆడితే, ప్యారిస్ జట్టులో షమూయే అనే ఆయన ఈ6 ఆడదాం అని మిగతావాళ్ళని ఒప్పించాడు. ప్యారిస్ రెండు గేములూ గెలిచింది. అప్పట్నుంచి ఆ ఓపెనింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్ అయింది. స్కాచ్ గేమ్ అన్న పేరు కూడా ఇలాగే వచ్చింది, అంతకు పదేళ్ళ ముందు లండన్‌కీ ఎడిన్‌బరోకీ ఉత్తరాల మీద జరిగిన మ్యాచ్ నుంచి. అంటే ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఆడే చెస్ మన జియో సిమ్ములతో పుట్టింది కాదు. మీ ఫోన్ యాప్‌లో కనపడే ఓపెనింగ్ పేర్లలో కొన్ని అలా దూరం నుంచి ఆడిన ఆటల్లోంచే వచ్చాయి.

ఇంకో చిన్న విషయం. గేమ్ అయిపోయాక అనాలిసిస్‌లో ఓపెనింగ్ పేరు పక్కన ఒక్కోసారి సీ02 అనో, బీ12 అనో కోడ్ కనిపిస్తుంది చూడండి. అది యాప్ వాళ్ళు పెట్టింది కాదు. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చే చెస్ ఇన్‌ఫార్మేటర్ వాళ్ళు 1970ల్లో ఓపెనింగులన్నిటినీ ఏ నుంచి ఈ దాకా ఐదు సంపుటాలుగా విడదీసి ఇచ్చిన నంబర్లు అవి. ఫ్రెంచ్‌కి సీ00 నుంచి సీ19 దాకా. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఇలాంటివి చూస్తే నాకు ఊరికే ముచ్చటేస్తుంది. యుగోస్లావియా అనే దేశం పోయింది, దాని కోడ్ మాత్రం రేపల్లె ప్యాసింజర్‌లో కూర్చున్న కుర్రాడి ఫోన్‌లో నడుస్తోంది.

సరే, అసలు మనిషి దగ్గరికొద్దాం. పెంటల హరికృష్ణ గారు 1986 మే 10న గుంటూరులో పుట్టారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాయే. తర్వాత బాపట్ల జిల్లా వేరైంది, రేపల్లె అందులోకి వెళ్ళింది. కాబట్టి ఆయన ఆడిన రోజుల లెక్కలో అందరం ఒకే జిల్లావాళ్ళం. ఆట నేర్పింది తాతగారు. 1996లో అండర్ 10 ప్రపంచ చాంపియన్. 2001 సెప్టెంబర్‌లో, పదిహేనేళ్ళ నాలుగు నెలలకి గ్రాండ్‌మాస్టర్, అప్పటికి మన దేశంలో అంత చిన్న వయసులో అయినవాళ్ళు లేరు. మరుసటి ఏడాదే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారు పదిహేనేళ్ళ ఒక నెలకి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. కృష్ణకి అటొకరు ఇటొకరు! 2004లో కొచ్చిలో హరికృష్ణ గారు ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యారు. మగపిల్లల్లో ఆనంద్ తర్వాత ఆ టైటిల్ తెచ్చిన రెండో భారతీయుడు ఆయనే. 2011లో ఆసియా చాంపియన్. 2016 చివర్లో రేటింగ్ 2770కి వెళ్ళింది, ప్రపంచ టాప్ టెన్‌లోకి వచ్చారు.

ఇప్పుడు మీరే చెప్పండి, ప్రపంచ టాప్ టెన్‌లో ఉన్న మనిషి గురించి మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు? నేను తెనాలిలో పుట్టి పెరిగాను, నాకే తెలీదు. కారణం ఆయన ఆట తీరు కూడా కొంత అని నా అనుమానం.

రీల్స్‌లో వైరల్ అయ్యే చెస్ వేరే. క్వీన్ ఇచ్చేసి మేట్ చెయ్యాలి, గుర్రం ఇచ్చేసి రాజుని బయటికి లాగాలి, బ్యాక్‌గ్రౌండ్‌లో బీజీఎం పడాలి. హరికృష్ణ గారి గేముల్లో అలాంటివి లేవని కాదు, కానీ ఆయనకి పేరొచ్చింది వాటితో కాదు. ఓపెనింగ్ అయ్యేసరికి ఇంజిన్ చూస్తే రెండువైపులా సమానం అని చూపిస్తుంది. క్వీన్లు మారిపోతాయి. చూసేవాడు డ్రా అనుకుని చానెల్ మార్చేస్తాడు. అక్కడి నుంచి ఆయన పని మొదలవుతుంది. ఒక బంటుని ఒక గడి జరుపుతారు. రాజుని మెల్లిగా మధ్యకి నడిపిస్తారు. ప్రత్యర్థి దగ్గర ఒక బలహీనమైన గడి ఉంటే దాని చుట్టూ తిరుగుతూ ఉంటారు. అవతలివాడు యాభయ్యో ఎత్తు దగ్గర అలసిపోయి ఒక చిన్న తప్పు చేస్తాడు. అంతే. కాలవకి చివర ఉన్న పొలంవాళ్ళకి ఇది బాగా తెలుసు, నీళ్ళు వాళ్ళ మడికి వచ్చేదాకా గట్టు మీద కూర్చోవాల్సిందే. కార్ల్‌సన్ ఆటలో కూడా మనం మెచ్చుకునేది ఇదే కదా. ఆయన చేస్తే జీనియస్ అంటాం, మన గుంటూరాయన చేస్తే బోర్ అంటామా?

ఓపెనింగుల విషయానికొస్తే, తెల్లపావులతో ఆయన ఒకదానికే కట్టుబడే మనిషి కాదు. ఈ4 ఆడతారు, డీ4 ఆడతారు, గుర్రంతో కూడా మొదలుపెడతారు. అందరూ ముప్పై ఎత్తులు బట్టీపట్టి వచ్చే దారులు వదిలేసి, ఆట నిజంగా మొదలయ్యే దారి వెతుక్కుంటారు. నల్లపావులతో ఈ4కి జవాబుగా ఈ5 ఆడారు, కారో కాన్ ఆడారు, ఫ్రెంచ్ ఆడారు. ఫ్రెంచ్ మీదైతే చెసబుల్‌లో పెద్ద కోర్సే చేశారు. మా రేపల్లెవాడు నన్ను ఏడుసార్లు చంపింది దాంతోనే.

స్క్రీన్ మీద బోర్డు చూడండి. తెలుపు ఈ4, నలుపు ఈ6. తెలుపు డీ4, నలుపు డీ5. ఇప్పుడు తెలుపు బంటు మీద దాడి ఉంది. మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? ఈ5 అని ముందుకి తోసేస్తాం. యాప్‌లో సీ02 అని వస్తుంది, అడ్వాన్స్ వేరియేషన్. తెలుపుకి రాజు వైపు బోలెడంత చోటు వస్తుంది. నలుపుకి ఒక పెద్ద బాధ, సీ8లో ఉన్న బిషప్. ఆ బిషప్ నడవాల్సిన దారిలో సొంత బంటే ఈ6 మీద కూర్చుంది. ఫ్రెంచ్ ఆడేవాళ్ళకి జీవితాంతం ఉండే తలనొప్పి అది. ఇంట్లో ఉద్యోగం రాని బావమరిదిలా మూల కూర్చుని ఉంటుంది, వెళ్ళమనలేం, వాడుకోలేం.

మరి ఎందుకు ఆడతారు? ఎందుకంటే తెలుపు ఈ5 తోసిన క్షణం నుంచి నలుపుకి ఏం చెయ్యాలో స్పష్టంగా తెలుసు. సీ5 అని డీ4 బంటు మీద దెబ్బ. తర్వాత గుర్రం సీ6, క్వీన్ బీ6, అన్నీ ఆ ఒక్క డీ4 మీదే గురి. కుదిరినప్పుడు ఎఫ్6 అని ఈ5 బంటుని కూడా కదిలించడం. తెలుపు కట్టిన గోడ పెద్దదే, కానీ దానికి పునాది ఒక్క బంటు. నేను ఏడుసార్లు రాజు మీద దాడికి పరిగెత్తాను. వాడు ఏడుసార్లూ పునాది తవ్వాడు. ఆ మూల బిషప్ చివర్లో డీ7 మీదుగా బీ5కి వచ్చి నా బిషప్‌తో మారిపోయింది, బావమరిదికి ఉద్యోగం దొరికినట్టు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా తాతయ్య ఆడే చదరంగంలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదిలేది. మన దేశంలో పాత పద్ధతి అదే. 1848 ప్రాంతంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే బ్రిటిష్ లాయర్‌కి మహేశ్‌చంద్ర బందోపాధ్యాయ అనే బెంగాలీ ఆటగాడు తగిలాడు. ఐరోపావాళ్ళు మధ్యలోకి బంట్లని దూకించి గట్టిగా నిలబడితే, ఈయన డీ6, జీ6 అని చిన్న చిన్న అడుగులు వేసి, బిషప్‌ని మూలకి పెట్టి, దూరం నుంచి కొట్టేవాడు. ఆ ఆట చూసే "ఇండియన్ డిఫెన్స్" అన్న మాట పుట్టింది. కింగ్స్ ఇండియన్, నింజో ఇండియన్ అని మనం పలికే పేర్లకి మూలం అదే. 1855లో ఆయన కాక్రేన్ మీద ఆడిన ఒక గేమ్‌లో గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ కనిపిస్తుంది, గ్రున్‌ఫెల్డ్ పుట్టడానికి దాదాపు నలభై ఏళ్ళ ముందు! అవతలివాడికి చోటు ఇచ్చేసి తర్వాత దాన్ని కూల్చడం అనే ఆలోచన మనకి కొత్తది కాదు అనడానికి ఇది చెప్పాను. ఫ్రెంచ్ వేరే ఓపెనింగ్, నాకు తెలుసు, కామెంట్లలో తిట్టకండి. ఓపిక ఒకటే అంటున్నా.

అసలు ఓపెనింగులు లేకపోతే ఈయన ఎలా ఆడతారు అనే డౌట్‌కి కూడా జవాబు ఉంది. చెస్960 అని ఉంది, ఫిషర్ పెట్టిన పద్ధతి. వెనక వరసలో పావులని లాటరీ తీసినట్టు కలిపేస్తారు, బట్టీపట్టిందేదీ పనికిరాదు. 2020 జూలైలో, కోవిడ్ తర్వాత గ్రాండ్‌మాస్టర్లు ఎదురెదురుగా కూర్చుని ఆడిన మొదటి టోర్నీల్లో ఒకటి స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో జరిగింది. అక్కడ చెస్960 విభాగం గెలిచింది హరికృష్ణ గారే. మొత్తం టోర్నీలో రెండో స్థానం. ఓపెనింగ్ కోర్సు చేసిన మనిషి ఓపెనింగే లేని ఆట గెలిచారు. మేమంతా కోర్సులు కొని లైన్లు బట్టీ కొట్టి, ఐదో ఎత్తులో అవతలివాడు పుస్తకంలో లేనిది ఆడగానే ఖాళీ ముఖం పెట్టుకుని కూర్చునే బ్యాచ్. మా ఇద్దరిలో ఆ బ్యాచ్ నేనే అని తేలింది.

అదే ఏడాది ఆగస్టులో ఇంకోటి జరిగింది. ఫిడే మొదటిసారి ఒలింపియాడ్‌ని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆరు బోర్డులు, ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక జూనియర్ అబ్బాయి, ఒక జూనియర్ అమ్మాయి. మన జట్టులో ముగ్గురు తెలుగువాళ్ళు, హరికృష్ణ గారు, హంపి గారు, గుంటూరమ్మాయి ద్రోణవల్లి హారిక గారు. ఆగస్టు 29న, అంటే తెలుగు భాషా దినోత్సవం రోజున, పోలండ్‌తో సెమీఫైనల్. మొదటి మ్యాచ్ 2-4తో పోయింది. రెండోది 4.5-1.5తో మనం కొట్టాం. ఒకటి ఒకటి అయింది కాబట్టి ఆర్మగెడాన్, ఒక్క గేమ్, అందులోనే తేలిపోవాలి. మోనికా సోచ్కో మీద హంపి గారు ఆడి గెలిచారు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, కెమెరాలు పెట్టుకుని, ఇంటర్నెట్ మీద భారం వేసి ఆడిన మ్యాచ్ అది.

ఆ భారం మర్నాడే తెలిసొచ్చింది. రష్యాతో ఫైనల్. మొదటి రౌండ్ 3-3. రెండో రౌండ్ మధ్యలో ఒక ప్రపంచ స్థాయి సర్వర్ సమస్య వచ్చి నిహాల్ సరీన్‌కీ దివ్య దేశ్‌ముఖ్‌కీ కనెక్షన్ పోయింది, ఇద్దరి టైమూ అయిపోయింది. ముందు రష్యా గెలిచిందన్నారు. మనవాళ్ళు అప్పీలు చేశారు. చివరికి ఫిడే ప్రెసిడెంట్ రెండు జట్లకీ గోల్డ్ ప్రకటించారు. ఆ మెడల్స్ ఇండియాకి వచ్చినప్పుడు మన జట్టు కస్టమ్స్ డ్యూటీ కట్టాల్సి వచ్చింది, అది ఇంకో కామెడీ.

వేమూరు దాటాక సిగ్నల్ పోయి, గెలిచే గేమ్ టైమ్ మీద ఓడిపోయిన ప్రతివాడికీ నిహాల్ బాధ అర్థమవుతుంది. నాకు బాగా అర్థమైంది. మా రేపల్లెవాడికి మాత్రం అర్థం కాలేదు, "కనెక్షన్ కూడా ఆటలో భాగమే మావా" అని టీ డబ్బులు అడిగాడు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ముక్క. 2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనకి రెండు గోల్డ్‌లు వచ్చాయి. ఓపెన్ జట్టులో హరికృష్ణ గారు, మన హనుమకొండ అర్జున్ ఎరిగైసి. ఆడవాళ్ళ జట్టులో హారిక గారు. అర్జున్ ఆట హరికృష్ణ గారికి పూర్తి రివర్స్. తెలుపైనా నలుపైనా గెలవడానికే వస్తాడు, రిస్క్ అంటే భయం లేదు, ఆ డిసెంబర్‌లో 2800 దాటాడు. వాడి ఆట మీద వేరే ఎపిసోడ్ చేస్తా. హరికృష్ణ గారు అప్పటికి ముప్పై ఎనిమిది, జట్టులో పెద్దాయన.

రెండు నెలల తర్వాత సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ప్రపంచ చాంపియన్‌షిప్. నవంబర్ 25, మొదటి గేమ్. గుకేశ్ ఈ4 ఆడాడు. డింగ్ ఏం ఆడాడు? ఈ6. ఫ్రెంచ్! గుకేశ్ ఓడిపోయాడు, అదీ తెల్లపావులతో. ఆ రోజు లైవ్ చూస్తూ నేను అనుకున్నది గుర్తుంది, ఎవరైనా వీడికి ఫ్రెంచ్ గురించి చెప్పే మనిషి దొరికితే బాగుండు అని.

మనిషి ఉన్నారు. ఎవరికీ తెలీదు అంతే. చాంపియన్‌షిప్‌లో ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో మ్యాచ్ అయ్యేదాకా బయటపెట్టరు, తెలిస్తే ఏ ఓపెనింగులు తయారుచేస్తున్నారో అవతలివాడు ఊహించేస్తాడు. డిసెంబర్ 11న పదమూడో గేమ్, మళ్ళీ గుకేశ్ తెలుపు, మళ్ళీ డింగ్ ఫ్రెంచ్. ఈసారి గుకేశ్ చాలాసేపు పైచేయిగా ఆడాడు, డింగ్ గట్టిగా కాచుకుని డ్రా చేసుకున్నాడు. మర్నాడు పద్నాలుగో గేమ్ గెలిచి, పద్దెనిమిదేళ్ళకి గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత ప్రెస్ మీట్‌లో తన వెనక పనిచేసినవాళ్ళ పేర్లు చెప్పాడు. కోచ్ గయెవ్‌స్కీ, ఇంకా వొయ్‌తాషెక్, కైమర్, డూడా లాంటి పేర్ల మధ్యలో హరికృష్ణ అన్న పేరు వినపడింది.

మొదటి గేమ్ తర్వాత ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో మనకి తెలిసే చాన్స్ లేదు. కానీ ఒక్కసారి ఊహించండి. ఫ్రెంచ్ మీద కోర్సు చేసిన మనిషి మీ జట్టులో ఉన్నారు, మీరు ఫ్రెంచ్ మీదే ఓడిపోయి వచ్చారు. మామూలు మనుషులైతే ఆ టీమ్‌లో గొడవలు అయ్యేవి. వీళ్ళు పదమూడో గేమ్ దాకా వచ్చి, మళ్ళీ అదే ఈ4 ఆడారు. నాకు ఆ గెలుపు కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

సరే, మీ ఫోన్ తీయండి. లిచెస్‌లో గానీ చెస్ డాట్ కామ్‌లో గానీ మీ ప్రొఫైల్‌లో ఓపెనింగుల లెక్క ఉంటుంది. ఏ ఓపెనింగ్‌తో ఎన్ని గెలిచారు, ఎన్ని పోయాయి అని. నేను నాది చూశా. ఫ్రెంచ్ మీద తెల్లపావులతో నా లెక్క ఇక్కడ చెప్పను, వీడియో ఇంట్లోవాళ్ళు కూడా చూస్తారు. అయితే ఓడిన ప్రతి గేమూ ఇంజిన్ పెట్టకుండా ఒకసారి తిప్పి చూశాను. అన్నిట్లోనూ నేను ఈ5 తోశాక రాజు వైపు ఒకేరకంగా పరిగెత్తా. ఒక్క గేమ్‌లో కూడా డీ4 బంటుకి కాపలా పెట్టలేదు. సీ3 అని పక్కన బంటుని నిలబెట్టడం, గుర్రాన్ని ఎఫ్3కి తేవడం, ఇవి అడ్వాన్స్‌లో మొదటి పాఠం. అది కూడా చెయ్యకుండా నేను రెండేళ్ళు ఆడాను.

పోయిన ఆదివారం వాడు రేపల్లె నుంచి, నేను తెనాలి నుంచి, ఎనిమిదో గేమ్ పెట్టుకున్నాం. ఈ4, ఈ6, డీ4, డీ5, ఈ5, సీ5, సీ3. అక్కడ వాడు ఆగాడు. నలభై సెకన్లు. చాట్‌లో మెసేజ్ వచ్చింది, "ఏంటి మావా, చదివొచ్చావా?"

డ్రా అయింది. టీ డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. ఆ గేమ్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, ముప్పై నాలుగో ఎత్తు దగ్గర నాకు గెలుపు ఉందని తర్వాత ఇంజిన్ చెప్పింది. అదేంటో మీరు కనిపెట్టి కామెంట్‌లో రాయండి, ఇంజిన్ పెట్టకుండా. నెక్స్ట్ ఎపిసోడ్ అర్జున్ మీద. ఉంటాను.